ఆకలి కొలత

మందుల షాపు బయటున్న బరువు మిషను మీదికి టైలర్ మాస్టారు ఎక్కగానే ఆయన భార్య వంగి ముల్లు వంక చూసింది. డెబ్బై మూడు. పోయిన ఆదివారం డెబ్బై నాలుగున్నర. ఎండలు ముదరక ముందు ఎనభై రెండు.

"ఇక దిగండి," అంది. ఇంకో మాట మాట్లాడితే అక్కడే ఏడ్చేసేలా ఉంది.

షాపతను మాత్రం తెగ మెచ్చుకున్నాడు. పదేళ్ళు చిన్నవారైపోయారు మాస్టారూ, ఆ కిటుకేదో మాకూ చెప్పండి అన్నాడు. మాస్టారు మెడలో టేపు సర్దుకుని నవ్వాడు. సెలవు రోజైనా సరే, ఆ టేపు లేనిదే ఆయన వీధిలోకి రాడు.

కిటుకేమీ లేదు. వేసవి మొదట్లో మోకాళ్ళ నొప్పులని వెళ్తే డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఎండాకాలం ఒంటికి అంత తిండి అక్కర్లేదు, గడియారం చూసి కాకుండా ఆకలి చూసి తినండి, నాలుగైదు కిలోలు తగ్గితే మోకాళ్ళు మీ మాట వింటాయి అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత సంతోషించిందో! అప్పటిదాకా మాస్టారు రెండోసారి వడ్డించుకోకుండా లేచిన రోజు లేదు.

ఇప్పుడు ఆ డాక్టరును తిట్టని పూట లేదు. మాస్టారు పెట్టినదాంట్లో సరిగ్గా సగం తిని చెయ్యి కడిగేసుకుంటున్నాడు. అన్నం మధ్యలో కత్తెర పెట్టి కోసినట్టే ఉంటుంది ఆ సగం. బట్టే కాదు, ఆకలిని కూడా కొలిచి కత్తిరిస్తున్నాడీయన అని మొదట్లో నవ్వుకుంది. నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. రక్తం పరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆడపడుచుకు ఫోన్ చేస్తే, అన్నయ్య మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోతున్నాడు వదినా, నెమ్మదిగా కనుక్కో అంది. కనుక్కోవడానికి ఆయన చెబితే కదా!

ఇంట్లోకి వస్తూ మాస్టారు గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకున్నాడు. ఈ నెలలో ఇది మూడోసారి. తిండి లేక తూలిపోతున్నాడనుకుంది ఆమె. మొన్నటికి మొన్న చొక్కాకు ఎడమవైపు జేబు కుట్టకుండానే ఇచ్చి పంపాడని ఒకాయన తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరిచేతా ఒక్క మాట అనిపించుకోని మనిషి. నీరసంతో బుర్ర కూడా పనిచేయడం లేదనుకుని ఆమె ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా గడిపింది.

వీటన్నిటికీ మించి ఆమెను కోసేస్తున్నది ఇంకొకటి. నిన్న ఉతకబోతూ చూస్తే ఆయన జేబులో బిస్కెట్ కాగితాలు కనిపించాయి. ఒకటి కాదు, మూడు. అంటే ఆకలి చచ్చిపోలేదు. ఇంటి తిండే దిగడం లేదు.

ఈ రోజు తేల్చుకోవాలనుకుంది. ఆయనకిష్టమైన వేపుడు చేసింది. కిటికీ తెరిచి, ఫ్యాను పెంచి, పళ్ళెం నిండా అన్నం పెట్టి, దానికి ఎడమ పక్కగా వేపుడు వేసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మాస్టారు వంచిన తల ఎత్తకుండా గబగబా తిన్నాడు. నాలుగు పూటల ఆకలి మీదున్నవాడిలా తిన్నాడు. అంత ఆత్రంగా తిన్నవాడు మళ్ళీ అక్కడే, ఆ సగం దగ్గరే ఆగిపోయాడు. వేళ్ళు నాకి, నీళ్ళు తాగి, కుర్చీ వెనక్కి జరిపాడు.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా వంట నచ్చడం లేదా?"

"నీ వంటకేమైంది? అమృతంలా ఉంది."

"మరి జేబులో ఆ బిస్కెట్లేమిటి?"

మాస్టారు దొరికిపోయినట్టు చూశాడు. "మధ్యాహ్నం కాస్త ఆకలేస్తుంటే..." అని నసిగాడు. "నువ్వేమనుకుంటావోనని చెప్పలేదు."

"ఆకలేస్తే తినరేం? ఎవరు వద్దన్నారు?"

"తింటూనే ఉన్నాను కదా. ఉన్నదంతా తిన్నాను."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దిగులు పడుతుంటే వేళాకోళమా! కళ్ళ ముందు సగం అన్నం, ముట్టని వేపుడు పెట్టుకుని ఉన్నదంతా తిన్నానంటాడా? మీకేమైనా అయితే నేనేమైపోవాలో ఎప్పుడైనా ఆలోచించారా అని నిలదీసింది. అనేసి, ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు కంగారుపడ్డాడు. ఆమె దేనికి ఏడుస్తోందో ఆయనకు నిజంగా అర్థమైనట్టు లేదు. నీ మీదొట్టు, నేను మనసులో ఏమీ పెట్టుకోలేదన్నాడు.

"అయితే నా కోసం ఇంకో నాలుగు ముద్దలు తినండి. ఇంకేమీ అడగను."

మాస్టారు తలూపి, మళ్ళీ కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమె వడ్డిస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

మొండితనానికీ ఒక హద్దుండాలి అనుకుంది ఆమె. కళ్ళు తుడుచుకుని, మిగిలిన సగం ఆయన కుడిచేతి వైపుకు వచ్చేలా పళ్ళాన్ని గిర్రున తిప్పింది.

మాస్టారు పళ్ళెంలోకి చూశాడు. ముఖం విప్పారింది. అన్నం, వేపుడు కలిపి ఇంత ముద్ద నోట్లో పెట్టుకుని, తృప్తిగా నమిలి, ఆమె వైపు తిరిగాడు.

"ఇదెప్పుడు వడ్డించావు?"