శీర్షిక చివరి కొక్కెం

'లారీ డ్రైవర్‌కు కత్తిపోట్లు... మృతి?'

పొద్దున్నే పత్రికలో ఆ శీర్షిక చూసి ఒకావిడ నేరుగా ఆఫీసుకే వచ్చేసింది.

"ఇది రాసిందెవరు?"

అందరూ చీఫ్ సబ్‌ఎడిటర్ వైపు చూశారు. ఆఫీసులో ఆయన ముద్దుపేరు 'ప్రశ్నార్థకం'. తేలని వార్త ఏదైనా సరే, చివర ఆ గుర్తు తగిలించి చేతులు దులుపుకుంటాడు. ఎవరైనా నిలదీస్తే, "మేం అనలేదండీ, అడిగామంతే!" అంటాడు.

"వాడు నా తమ్ముడు సార్," అందామె. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "దొంగ సరుకు సంగతి పోలీసులకు చెప్పాడని పొడిచారు. ఏ ఆస్పత్రిలో పెట్టారో ఎవరూ చెప్పరు. కాళ్లరిగేలా తిరుగుతున్నాం. ఇంతలో మీరిలా రాశారు. అమ్మ మంచం పట్టింది. ఉంటే ఉన్నాడని రాయండి, పోతే పోయాడని రాయండి. మనిషి ప్రాణాన్ని ఆ కొక్కేనికి వేలాడదీస్తారేంటి సార్?"

ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ అలా అడగలేదు. తల దించుకున్నాడు.

"రేపటికి తేల్చి రాస్తానమ్మా. అమ్మగారికి ధైర్యం చెప్పండి."

ఆమె చేతులు జోడించి వెళ్లిపోయింది.

"పోలీసులు గుట్టుగా ఉంచారు సార్," నసిగాడు క్రైమ్ రిపోర్టర్.

"వాళ్లదేం పోయింది? అక్కడ కన్నతల్లి అల్లాడిపోతోంది. వెళ్లు!"

సాయంత్రానికి రిపోర్టర్ ఆస్పత్రిని పట్టుకున్నాడు. డ్రైవర్ బతికే ఉన్నాడు. చీఫ్ సబ్ స్వయంగా కూర్చుని శీర్షిక రాశాడు: 'మృత్యుంజయుడు! స్టేషన్ రోడ్డు ఆస్పత్రిలో కోలుకుంటున్న డ్రైవర్.'

ఇంటికెళ్లగానే భార్యతో అన్నాడు: "ఇవాళ నా ఉద్యోగానికి ఒక అర్థం దొరికిందే."

మర్నాడు నర్సు ఆ పేజీ తెచ్చి డ్రైవర్ ఒళ్లో పరిచింది.

"చూశారా, పేపర్లో పడ్డారు! మీ అక్కగారు ఇది చదివే పరుగెత్తుకొచ్చారట. ఒకటే ఏడుపు. వెంట ఇద్దరు మగవాళ్లు కూడా ఉన్నారు. కాపలా కానిస్టేబుల్ టీకి వెళ్లాడు. పాపం, ఎంతసేపని నిలబెడతాం? లోపలికి రమ్మన్నాను."

తల్లిదండ్రులెవరో తెలియకుండా అనాథాశ్రమంలో పెరిగిన ఆ డ్రైవర్, తెరుచుకుంటున్న తలుపు వైపు చూస్తూ, "ఏ అక్క, సిస్టర్?" అన్నాడు.