తాడు పట్టేవాడు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది అరిచి చెప్పే కథ కాదు.

పడవ ఇంకా ఒడ్డు తాకనే లేదు, తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఎదురుగా దీవి. సముద్రంలోంచి గోడ లేపినట్టు నిట్టనిలువు కొండ, దాని నెత్తిన పిడికెడు ఇళ్ళు. ఆ అందం చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారట. తమ్ముడు మాత్రం అన్న చచ్చిన చోటు చూడ్డానికి వచ్చాడు.

లారీలు బాగుచేసే చేతులు అతనివి. ఒక్కో పిడికిలీ ఒక్కో సుత్తి.

"సగం కొండలో ఆ గట్టు కనబడుతోందా?" అన్నాడు పడవ నడిపే మనిషి. అన్నకు ప్రాణస్నేహితుడు. కబురు పంపిందీ అతడే. "పక్షిగుడ్ల కోసం తాడు కట్టుకుని దిగాడు. తాడు జారింది. మనిషి సముద్రం పాలు. సంచి మాత్రం ఆ గట్టుమీదే చిక్కుకుపోయింది తమ్ముడూ."

"నేను దిగి తెస్తా. కొడుకు గుర్తు ఏదో ఒకటి కళ్ళబడితే గానీ అమ్మ ముద్ద ముట్టనంది."

"మంచిమాట. ఇదుగో, ఈ పడవ కూడా మీ అన్నదే. నీకు అప్పజెప్పాలి."

"రేపు చూద్దాంలే అన్నా, ఎవరికైనా బేరం పెడదాం. ముందిది చెప్పు. తాడు జార్చిందెవడు?"

స్నేహితుడు నీళ్ళవైపు చూశాడు. "మీ అన్నకీ వలలల్లేవాడికీ ఉప్పూ నిప్పూ. మీ అన్న తెడ్డుతో వాడి చెవి చీల్చాడు. వాడు కత్తితో మీ అన్న భుజం కోశాడు. ఊరందరికీ తెలుసు. ఇంక నా నోటితో ఏం చెప్పించుకుంటావు?"

కొండమీద గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. గుంజ పక్కన తాడుచుట్ట దగ్గరే ఎదురయ్యాడు వలల మనిషి. చెవి రెండు ముక్కలు.

"దిగుతావా అబ్బాయ్? అయితే తాడు నా చేతికియ్యి."

తమ్ముడికి నెత్తురు సలసల కాగింది. "మా అన్న ఒక్కడూ చాల్లేదట్రా నీకు?"

మొదటి గుద్దుకి రెండు పళ్ళు రాలాయి. వలల మనిషి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు లేచి మళ్ళీ చెయ్యి చాపాడు.

"నాకే ఇయ్యాలి. అది మా ఊరి..."

రెండో గుద్దుకి దవడ పక్కకి జారింది. మాట నోట్లోనే నలిగింది. తమ్ముడు డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి రాతికేసి కొట్టాడు. వలల మనిషి తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు. పాక్కుంటూ వచ్చి తాడు కొస పట్టుకున్నాడు. గొడ్డులా అరిచాడు. మాట లేదు, నెత్తుటి బుడగలే.

"చూశావా ఎంత కసో," అన్నాడు స్నేహితుడు. "ఇలా తే తమ్ముడూ. నేను లేనూ?"

తమ్ముడు రాయి తీసి ఆ వేళ్ళమీద దించాడు. ఎముకలు పటపటమన్నాయి. తాడు ఊడొచ్చింది. స్నేహితుడు దాన్ని గుంజకు ఒక చుట్టు తిప్పి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టు అన్నా."

"నా ప్రాణమే అనుకో."

తమ్ముడు అంచు దాటాడు. కాళ్ళకింద గాలి, గాలికింద అలలు. పైన వలల మనిషి అరుపు ఆగలేదు. ఇంతలో గట్టు అందింది. దానిమీద పక్షిరెట్ట తప్ప ఏమీ లేదు. సంచీ లేదు, సంచి పీలికా లేదు. తమ్ముడు తలెత్తి చూశాడు.

ఆ దీవి చూడ్డానికి ఎవరు బయల్దేరినా ఈ ముక్క మరవకుండా చెప్పి పంపండి: అక్కడ కొండ దిగేవాడి తాడు ఎప్పుడూ పగవాడి చేతికే ఇస్తారు, జారిందంటే ఊరు ఊరంతా తననే కొండమీంచి తోసేస్తుందని వాడు చచ్చినా వదలడు కనుక. వలల మనిషి జ్వరంతో మంచం పట్టిన ఆ ఒక్కనాడు మాత్రం, అన్న తాడు పట్టింది ప్రాణస్నేహితుడు.