కదిలే ఉండ

ప్రాణభయం తీరిపోయాక కూడా మనసు తేలికపడదెందుకు? ఆసుపత్రి మెట్లు దిగినప్పటి నుంచి కోడలు తనను తాను ఇదే అడుగుతోంది. జవాబు దొరకకముందే బేకరీ వెనక తలుపు వచ్చేసింది. తడిసిన గొడుగును గోడకు ఆనించి లోపలికి అడుగుపెట్టింది.

కిటికీ లేని గది. పగలంతా ఆరని పొయ్యి. బల్ల ముందు నిలబడి అత్తగారు రొట్టెపిండి పిసుకుతోంది. కుడి భుజం లాగుతోందని కొన్నాళ్లుగా ఎడమ చేతి మీదే బరువంతా వేస్తోంది.

"వచ్చారా మహారాణిగారు. పనంతా నా నెత్తిన పడేసి ఊరేగొచ్చారా. ఏమందట డాక్టరమ్మ?"

"కాన్సర్ కాదన్నారు అత్తయ్యా."

పిండి పిసికే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ సాగింది.

"నేను చెప్పలా? గోరంత దాన్ని కొండంత చేశావు. నీ మొహం చూసి మావాడు నిద్ర మానేశాడు. ఇంతకీ ఏమిటట?"

"రొమ్ములో నీటితిత్తులట. స్కానింగు చేశారు, సూదితో నీరు తీసి చూశారు. నెలసరి ముందు ఉబ్బి నొప్పి పెడతాయట, తర్వాత వాటంతటవే తగ్గుతాయట. చాలామంది ఆడవాళ్లకు ఉండేదే అన్నారు. ఒంటికి సరిగ్గా పట్టే బాడీ వేసుకోమన్నారు, నొప్పి ఎక్కువైతే కాపడం పెట్టుకోమన్నారు. అంతే."

"ఆ మాట నేనైతే ఉత్తినే చెప్పేదాన్ని."

కోడలికి నవ్వు రాలేదు. ఈ ఇంటి ఆడవాళ్లకు పొయ్యి నేర్పిన శాస్త్రం ఒక్కటే: మంట పుడితే గాయం, పుట్టకపోతే పని. తనకు నొప్పి పుట్టింది కాబట్టి వెళ్లింది. పుట్టకపోయి ఉంటే వెళ్లేదా?

"నెలనెలా చేత్తో తడిమి చూసుకోమన్నారు," అంటూ చేతులు కడుక్కుంది. "ఎలాగో కూడా నేర్పారు. చూడండి."

ఒక ఎండుద్రాక్షను పిండిముద్దలోకి దూర్చి పైన కప్పేసింది.

"మూడు వేళ్లు ఆనించి మెల్లగా తిప్పాలి. నాకున్న ఉండ ఇలాగే వేలికింద నుంచి తప్పించుకునేది."

"రొట్టెలు చెయ్యవే అంటే పాఠాలు చెబుతోంది," అని గొణుగుతూనే అత్తగారు వేళ్లు ఆనించింది. ద్రాక్ష జారింది. మళ్లీ ఆనించింది. ఈసారి చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఇది కదులుతోందేమిటే?"

"కదులుతుంది మరి. అయినా కొత్తగా ఏది తగిలినా చూపించుకోమన్నారు. రాయిలా ఉన్నచోటే ఉంటే అసలు ఆలస్యం చెయ్యొద్దన్నారు."

"నొప్పి లేకపోయినా చూపించుకోవాలా?"

"లేకపోయినా."

పిండి అంటిన ఎడమ చెయ్యి కుడి చంక వైపు వెళ్లి, సగంలోనే దిగిపోయింది. అత్తగారు ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినంత మామూలుగా అంది:

"నాది కదలదే. నిరుడు వానల్నుంచీ అక్కడే ఉంది. నొప్పి లేదు కదాని నీలా దండోరా వేయలేదు."

పొయ్యి చిటపటమంది. కోడలు తడి గొడుగు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికే? పిండి పులిసిపోతుంది."

"పులవనీండి అత్తయ్యా, నడవండి," అంటూ కోడలు పొయ్యి ఆర్పేసింది.