రెండో అద్దం

అయినా ముందు చెయ్యి వేసింది వాడే కదా.

సెలూన్ కుర్చీలో కూర్చున్న బట్టల షాపు మేనేజరు ఆ మాటే మళ్లీ నెమరు వేసుకుంటున్నాడు. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి క్షవరం.

"తల కాస్త వంచుతారా సార్?" అన్నాడు బార్బరు.

"ఎక్కువ వంగదు. లోపల ఎముకలకు మరలు బిగించారు."

"అదృష్టవంతులు సార్! నేను మా ఆవిడ ముందు తలెత్తి ఎరగను."

మేనేజరు మనసు మళ్లీ వాడి మీదికే పోయింది.

ఆపరేషన్‌కు చాలా ముందు నుంచే వాడు బస్టాపులో తనవైపు అదే పనిగా చూసేవాడు. ఓ రోజు దగ్గరికే వచ్చేశాడు.

"మెడ వెనక లాగుతోందాండీ? నడుస్తుంటే తూలుతున్నారు. ఓసారి డాక్టరుకి చూపించుకోండి."

"నీకెందుకయ్యా? నీ దారి నువ్వు చూసుకో."

మనిషిని చూడగానే చేతివాటం పసిగడతాడని షాపులో తనకు పేరు. వీడు జేబుదొంగ అని అప్పుడే తేల్చేశాడు.

తర్వాత షాపు ముందు ఫుట్‌పాత్ మీద కాళ్లు తేలిపోయి వెల్లకిలా పడ్డప్పుడు, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, మళ్లీ వాడే. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో తన తలను ఒడిసి పట్టుకున్నాడు.

"కదలకండి! తల తిప్పొద్దు! ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

"వదలరా! దొంగ! పీక నొక్కేస్తున్నాడు!"

జనం మూగారు. షాపులోంచి బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"మా బావని వదుల్తావా లేదా?"

"లేపకండి బాబూ, మెడ..."

మాట పూర్తి కాలేదు. వీపు మీద, మెడ మీద పిడిగుద్దులు. చేతులు అడ్డం పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఆ రెండు చేతులూ మేనేజరు తలకు అటూ ఇటూ అలాగే ఉండిపోయాయి.

అంబులెన్సు వాళ్లొచ్చి మెడకు పట్టీ బిగించాకే వదిలాడు.

బావమరిది వాణ్ణి చొక్కా పట్టుకుని, వంచి ఈడ్చుకెళ్తుంటే, స్ట్రెచరు మీంచి మేనేజరుకు వాడి మెడ వెనక పొడుగాటి గాటు కనబడింది.

"చూశారా కత్తిగాటు! రౌడీ వెధవ!" అని అరిచాడు మేనేజరు.

ఆ మాటతో అంతవరకూ ఊరుకున్నవాళ్లు కూడా చెయ్యి చేసుకున్నారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కాను చూపించింది.

"పుర్రె, వెన్నెముక కలిసే చోట చిన్న తిత్తి. నీటిబుడగ అనుకోండి. క్యాన్సర్ కాదు. కానీ ఉన్న చోటు మంచిది కాదు. నరాన్ని నొక్కుతోంది, పక్కన ఎముకా వదులైంది. తిత్తి తీసేసి ఎముకలు బిగిస్తాం."

"పడ్డందువల్లేనా?"

"పడకముందు నుంచీ ఉంది. పడ్డప్పుడు ఎవరైనా రెక్క పట్టి లేపుంటే తల వాలేది, ఊపిరి అక్కడే ఆగేది. ఎవరండీ లేపనివ్వంది?"

బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు.

"తెలీదు" అన్నాడు మేనేజరు.

ఆమె వెళ్లాక నెమ్మదిగా అడిగాడు. "వాణ్ణేం చేశార్రా?"

"నాలుగు తగిలించి వదిలేశాం బావా. లేవలేకపోతే ఎవరో బండెక్కించారు."

ఆ తర్వాత బస్టాపులో వాడు మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు మేనేజరుకు మిగిలిన సాకు ఒక్కటే. వాడు మేలు చేస్తే చేసి ఉండొచ్చు, మంచివాడు మాత్రం కాదు. మంచివాడి మెడ మీద కత్తిగాటు ఎందుకుంటుంది? ఆ గాటే రోజూ తనను జోకొట్టి నిద్రపుచ్చుతోంది.

బార్బరు కత్తెర ఆగింది.

"ఏంటి సార్, ఎవరితోనండీ గొడవ? కత్తి గట్టిగానే దింపారు!" అన్నాడు వేళాకోళంగా.

"కత్తేంటి?"

బార్బరు చిన్న అద్దం తెచ్చి వెనక పట్టుకున్నాడు. మేనేజరు ఎదుటి అద్దంలోకి చూశాడు. తన మెడ వెనక భాగాన్ని తను చూసుకోవడం అదే మొదలు.

తల వెనక నుంచి నట్టనడుమ, స్కేలు పెట్టి గీసినట్టు దిగిన గీత. అటూ ఇటూ కుట్ల చుక్కలు.

ఇంతకుముందు ఎక్కడ చూశాడో గుర్తు తెచ్చుకోనక్కర్లేకపోయింది.

"వెనక జుట్టు కాస్త పొడుగ్గా వదిలేస్తాను సార్. ఎవరికీ కనబడదు."

"వద్దు. ఇంకా పైకి కత్తిరించు."

"చూసినవాళ్లు రౌడీ అనుకుంటారు సార్!"

"అనుకోనీ."

మరలు ఒప్పుకున్నంత మేర మేనేజరు తల వంచాడు.

తన తల వదలకుండా పిడిగుద్దులు తిన్న ఆయన మెడలోనూ ఇవే మరలు ఉండి ఉంటాయి.