ముప్పై రెండో చీటీ

"వద్దని రాసేశానండీ! ఇక పెట్టె సర్దుకుని భీమవరం వెళ్ళిపోవడమే," అంది డబ్బాలో చీటీ వేసొచ్చిన నర్సింగ్ లెక్చరర్ మోనికా.

ఇకమీదట ఏ పాఠమైనా ముందు డీన్‌కి చూపించాకే చెప్పాలని దోహాలోని ఆ మెడికల్ యూనివర్సిటీలో పైనుంచి రూలొచ్చింది. దానిమీదే ఈ రహస్య ఓటింగు.

"నేన్గూడ గదే రాసిన మేడమ్," గుసగుసలాడాడు పక్క కుర్చీలోని రత్నాకర్.

డీన్ మొహం గంటుపెట్టుకుని చీటీలు విప్పాడు. వద్దు, వద్దు, వద్దు... ముప్పై రెండూ వద్దే! హాలంతా గొల్లున నవ్వింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్న మోనికా ఠక్కున ఆగింది. "లెక్చరర్లం ముప్పై ఒక్కరమే కదండీ?"

"మరి ఆ ఇంకోటి ఎవలేసిండ్రు?"

డీన్ బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "ఖలాస్! మీ అందరి పాఠాలూ కూర్చుని చదవాల్సింది నేనేగా!"