మూత లోపలి ముఖం

“ఈ పీట ఎంత బాగుందండీ,” అంటూ ఆమె మూడు కాళ్ళ పీటను తలకిందులు చేసి చూసింది. “ఇలాంటి పని ఇప్పుడెవరు చేస్తున్నారు?”

“దానికేముందమ్మా, కూర్చుంటే ఊగుతుంది,” అంది ఇంటి పెద్దావిడ.

“ఊగినా సరే, నాకిదే కావాలి.”

ఆమెకు కావలసింది పీట కాదు. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పాత చెక్క సామాను, రంగుల బొమ్మలు వేసిన పెట్టెలు కొని పట్నంలో అమ్ముకోవడం ఇరవై ఏళ్ళుగా ఆమె వృత్తి. అందులో మొదట నేర్చుకోవలసింది ఒకటే: మనసుపడిన వస్తువు వైపు రెండోసారి చూడకూడదు. చూస్తే దాని ధర కొండెక్కి కూర్చుంటుంది. లేదంటే ఇన్నాళ్ళూ లేని ప్రేమ ఇంటివాళ్ళకు దాని మీద అప్పటికప్పుడు పుట్టుకొస్తుంది. పక్కనున్నదాన్ని మెచ్చుకోవాలి, అసలుదాన్ని కొసరుగా అడగాలి.

అసలుది గోడవారన ఉన్న బట్టల పెట్టె. ఇందాక ఆమె కూర్చోవడానికి పరుద్దామని పెద్దావిడ అందులోంచి దుప్పటి తీసింది. అప్పుడు మూత లోపలివైపు, పొగచూరిన చెక్క మీద ఒక ముఖం కనిపించింది. ముఖమంతా కాదు. పాపిట, నుదురు, ఒక కన్ను. మిగతాదంతా మసి. మూలన వేలెడంత చిలక. ఆ చిలక ఎవరి చేతిదో ఆమెకు బాగా తెలుసు. రుమాలుతో ఒక్కసారి తుడిచి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. కానీ చూపు తిప్పుకుంది. మూత పడింది.

“ఆ మురికి పెట్టె కూడా పడేయండి, పీటకు తోడుంటుంది,” అంది గోడ వైపు చూడకుండా.

పెద్దావిడ ముఖం చిన్నబోయింది. “తీసుకెళ్ళమ్మా. బట్టలు వేరే చోట సర్దుకోవాలి, రేపు రా.”

మర్నాడు అద్దె ట్రాలీలో డ్రైవరు పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనిది, ఆమె దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది.

“పాత పెట్టె కోసం ఇంత సంబరమా మేడం?” అన్నాడు డ్రైవరు.

“ఆ పెట్టెలు చేసినాయన జన్మంతా చిలకలూ తీగలే వేశాడు. అలాంటివి నాకు పదహారు దొరికాయి. అన్నిటి మూతలూ ఎత్తి చూశాను. మనిషి ముఖం వేసింది ఈ ఒక్కదాని మీదే.”

“ఎవరి ముఖం?”

“భార్యది. పెళ్ళయిన రెండేళ్ళకే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఎక్కడ మరిచిపోతాడోనని వేసి దాచుకున్నాడు.”

“దాచుకున్నవాడు మరి ఎందుకు అమ్మాడు?”

“తిండికి గతి లేని ఏడాది ఒకటి వచ్చింది, సంతలో అమ్మేశాడు. తరువాత మళ్ళీ వేద్దామని కూర్చుంటే ముఖం గుర్తు రాలేదట.”

“కథ ఉన్న సరుకు. పట్నంలో కళ్ళకద్దుకుని కొంటారు,” అన్నాడు డ్రైవరు. “మరి ఆ మసి?”

“దూదికి నూనె చుక్క అద్ది, గోరంత గోరంత తీయాలి. నెల పట్టినా సరే. నీళ్ళు తగిలితే మాత్రం రంగు నిలవదు.”

వాళ్ళు వెళ్ళేసరికి పెట్టె వాకిట్లో ఎండలో ఉంది. దాని చుట్టూ నేలంతా తడి. సబ్బు వాసన వీధి దాకా వస్తోంది.

పెద్దావిడ నడుం పట్టుకుని ఎదురొచ్చింది. “మురికి పెట్టె అన్నావు కదమ్మా, నాకు తల కొట్టేసినట్టయింది. ఒకరికిచ్చే వస్తువు అలాగేనా ఇవ్వడం? తెల్లారకముందే లేచి తోమాను. ఆ మూత దగ్గర తల ప్రాణం తోకకొచ్చిందనుకో.”

ఆమె మూత ఎత్తింది. తెల్లటి చెక్క. చిలక లేదు, కన్ను లేదు. వేలితో తడిమింది, ఇంకా చెమ్మగా ఉంది. ఇరవై ఏళ్ళు వెతికితే దొరికినదాన్ని తన నోటి మాటే కడిగేసింది. నిన్న ఒక్కసారి తుడిచి చూసుకుంటే ఏం పోయేది?

“తప్పు చేశానా తల్లీ?”

“లేదండీ. అద్దంలా ఉంది.” పీట లాక్కుని కూర్చుంది. “లోపల ఒకావిడ బొమ్మ ఉండేది కదా. ఎలా ఉండేది?”

“ఏముంది, పెద్ద అందగత్తె కాదు. నొక్కుల జుట్టు. ఎడమ కనుబొమ కాస్త పైకి. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు బిగించి ఉండేది. రోజూ పొద్దున్నే చూసేదాన్ని. మా ఆయన పోయాక రెండు మంచీ చెడ్డా చెప్పుకునేదాన్ని కూడా.”

“నేను ముందు చూసినప్పుడు కిందివైపంతా మసే కదండీ?”

“నీకు మసి. నాకు అలవాటైన ముఖం కదమ్మా.”

ఆమె చేతిసంచిలోంచి సరుకుల పుస్తకం తీసి రాసుకోసాగింది. “గడ్డం?”

“గుండ్రంగా. పక్కన చిన్న మచ్చ. మచ్చో, రంగు పెచ్చో, అది మాత్రం చెప్పలేను.”

“ముక్కు?”

పెద్దావిడ ఓపిగ్గా అన్నీ చెప్పింది. ఆమె అన్నీ రాసుకుంది, రాసినవి మళ్ళీ చదివి వినిపించి సరిచూసుకుంది. మాట్లాడుకున్న డబ్బు పైసా తగ్గించకుండా ఇచ్చి, పెట్టె ఎక్కించుకుని బయలుదేరింది.

ఊరు దాటాక ఆమె పుస్తకం తెరిచి ఆ పేజీనే చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటోంది. డ్రైవరు చూసీ చూడనట్టు కాసేపు నడిపి, ఇక ఉండబట్టలేకపోయాడు.

“పోనీండి మేడం. పదహారు దొరికాయన్నారు, వ్యాపారానికి లోటేముంది? ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఇంత బాధెందుకు?”

“ఆవిడ మా అమ్మ.”