పొగ మీటింగు

ఎలక్ట్రీషియన్ మీటింగు హాలు మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

“ఉద్యోగం పోతుంది బావా,” అన్నాడు బావమరిది వాచ్‌మన్.

“పోనీరా. లోకాన్ని పొగతో ఉడకేసి, ఆ నష్టం ఏ దేశం కట్టాలని లోపల దేశదేశాల పెద్దలకి మూడు రోజులుగా పేచీ. ఏటా వరదకి మునిగేదేమో నా కొంప. ఏసీ ఆగి ఉక్కపోస్తే వీళ్ళకీ తెలిసొస్తుంది.”

పది నిమిషాల్లో లోపల చప్పట్లు దద్దరిల్లాయి. ఎలక్ట్రీషియన్ మీసం దువ్వాడు.

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. “ఏకగ్రీవమయ్యా. అన్ని దేశాలూ తలా ఇంత వేసుకుంటాయట.”

“నష్టానికేనా బాబూ?”

“కాదు, డీజిల్ జనరేటరుకి. ఇకనుంచి ప్రతి మీటింగుకీ రెండేసి.”

ఎలక్ట్రీషియన్ గబగబా ఫ్యూజు పెట్టేశాడు.

“అదేంటి బావా?”

“చల్లగా కొట్టుకోనీరా. వీళ్ళు కలిస్తే కొంప ఇంకాస్త మునిగేట్టుంది.”